తొలి గిన్నె

రంగూన్‌లో సాయంత్రం పూట ఎక్కడికెళ్లి ఏం తినాలో ఇప్పుడు ఫోను చెబుతుందట. మా తమ్ముడి మనవలు చూపించారు. ఫలానా వీధిలో నూడిల్స్‌కి నాలుగు చుక్కలు, ఫలానా చోట పాటలు, ఇక్కణ్ణించి అక్కడికి కారులో పన్నెండు నిమిషాలు. కళ్లజోడు పెట్టుకుని చూసి, "చుక్కలు ఎవరిచ్చారు?" అని అడిగాను. తిన్నవాళ్లేనట. సరే, మంచిదే. మా రోజుల్లో పరాయి దేశస్థుడు ఏం తినాలో, ఎక్కడ తినాలో, ఏ బండి ఎక్కాలో మిలిటరీవారు చెప్పేవారు. వీసా ఏడు రోజులు. ఆ ఏడు రోజులూ సర్కారు హోటల్లో ఉడకబెట్టిన కోడి, బంగాళాదుంప ముద్ద, గిన్నెలో అచ్చు పోసిన కస్టర్డు. ఊరు ఎలా ఉంటుందో చూడకుండానే పాపం ఊరు చూసి వెళ్లిపోయేవారు.

అలాంటి హోటల్లో నేను స్టోరు గుమాస్తాను. నది ఒడ్డున, సేక్కాన్ రేవుకి కూతవేటు దూరం. హోటలు పేరు వద్దు, మనుషుల పేర్లూ వద్దు. బతికున్నవాళ్లకి ఇబ్బంది, పోయినవాళ్లకి అనవసరం. ముప్ఫై అయిదేళ్ల ఉద్యోగంలో చెప్పుకోదగ్గది నాకు ఒక్క రోజే ఉంది. అందులో కూడా నా వంతు గొప్ప ఏమీ లేదు. చెడగొట్టడమే నా వంతు.

మా వంటింటికి పెద్ద మన తెలుగువాడే. తాతల కాలంలో విశాఖ వైపు నుంచి రేవులో మోతపనికి రంగం, అంటే ఈ రంగూన్, వచ్చిన బాప్టిస్టు కుటుంబం. అరవై నిండబోతున్నాయి. బర్మావాళ్లు ఆయన్ని ఊజీ అనేవారు, అంటే పెదనాన్న. నేను తాతా అనేవాణ్ణి. అక్షరమ్ముక్క రాదు, నేను రాసిన సరుకుల ఇండెంటు కింద వేలిముద్ర వేసేవాడు. కానీ నాలుక మాత్రం భగవంతుడు తీరిగ్గా కూచుని చేసినది. ఆదివారం చర్చి అయ్యాక నగరంలో సందు సందూ తిరిగి, బండి బండి దగ్గరా తిని, "పసుపు పచ్చి వాసనొస్తోంది", "నూనె నిన్నటిది" అని చెప్పి వచ్చేవాడు. అమ్మేవాళ్లు ముఖం ముడుచుకునేవారు. ఏ ఆదివారమైనా ఆయన రాకపోతే మాత్రం, "ఊజీకి ఒంట్లో బాగాలేదా?" అని హోటలు గేటు దాకా వచ్చి అడిగేవారు.

ఇక నా పని. మాంసం, కోళ్లు, చేపలు సర్కారు సహకార సంఘం నుంచి రావాలి. మూడు రోజుల ముందు మూడు కాపీల ఇండెంటు. బర్మాలో ఉపవాస దినాల్లో, అంటే పున్నమికి, అమావాస్యకి, రెండు అష్టములకి మాంసం కొట్లు మూసేస్తారు. ఆ రోజున విందు పడితే ముందురోజే తెప్పించి ఐసు గదిలో పెట్టించాలి. ఏ రోజు మూతో చూసుకోవడం గుమాస్తా పని. ఆఫీసు గోడకి బర్మా కేలండరు ఉంది. నేను దాని ముఖం చూసేవాణ్ణి కాదు. ఎందుకంటే మా ఇంట్లో అమ్మ ప్రతి అమావాస్యకీ ఒంటిపూట ఉండేది, ఆమెకి గంజాం నుంచి మేనమామ పంపే పంచాంగం ఉండేది, ఆ పంచాంగం నా తలలో ఉండేది. ఆకాశంలో చంద్రుడు ఒక్కడే కదా అని నా ధీమా. ఒక్కడే, కానీ లెక్కలు రెండు. మనవాళ్లు తిథి ఘడియలు చూస్తారు, బర్మావాళ్లు నెలకి ఇన్ని రోజులని కట్టేస్తారు. ఎప్పుడైనా ఒక రోజు తేడా వస్తుంది. అంతకుముందు ఒకటి రెండుసార్లు వచ్చింది కూడా. విందులు లేని రోజులు కనుక ఎవరికీ పట్టలేదు.

ఒక చలికాలంలో మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న ఏదో రేవు పట్నం నుంచి ఒక ఓడ వచ్చింది. దాని కెప్టెనుకీ, ఆఫీసర్లకీ, మన రేవు అధికారులకీ కలిపి మా హోటల్లో సాయంత్రం ఆరింటికి విందు. ముప్ఫై రెండు మంది. నేను ఇండెంటు శుభ్రంగా విందు రోజుకే రాశాను. మధ్యాహ్నం పన్నెండింటికి బండి రావాలి. ఒంటిగంట అయింది. గేటు దగ్గరికి పోయి కాపలావాణ్ణి అడిగితే వాడు నా వంక పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "ఇవాళ లగ్వే కదా. మాంసం బండి ఎలా వస్తుంది?" అన్నాడు. లగ్వే అంటే అమావాస్య. 

వంటింట్లోకి పరిగెత్తాను. తాత ఉల్లిపాయలు తరుగుతున్నాడు.

"ఏటయిందిరా? ముకం అలగుందేటి?"

"బండి రాదంట తాతా. ఇయ్యాల అమాసంట."

"అమాసని అందరికీ తెలుసు. మాంసం నిన్ననే ఐసు గదిలోకి వొచ్చేసింది కదా?"

"రాలేదు. మా అమ్మ పంచాంగంలో అమాస రేపు."

ఆయన కత్తి పక్కన పెట్టాడు.  "ఓరి నీ పంచాంగం పాడుగాను! సర్కారు ఇండెంటు మీయమ్మ ఒంటిపొద్దు సూసి రాసినావేటిరా?" అన్నాడు. తిట్టిన తిట్టుకి వంటింట్లో బర్మా పిల్లలు నవ్వారు. నాకు ఏడుపు వచ్చింది. బయట కొందామంటే ఆ వేళకి చేపల బజారులో కరిగిన ఐసు తప్ప ఏమీ మిగలదు. స్టోరులో బియ్యం, పప్పు, ఉల్లి, దుంపలు. ముప్ఫై రెండు మంది దొరలకి పప్పు పోసి పంపలేం కదా.

మా మేనేజరు ఒకప్పుడు సైన్యంలో మేజరు. విషయం విని కేకలు వేయలేదు. అందుకే మరీ భయం వేసింది. "ఇండెంటు మీద వేలిముద్ర నీది," అని తాతతో అన్నాడు. "ఆరింటికి భోజనం లేకపోతే నీ ఉద్యోగం లేదు. క్వార్టరు కూడా ఖాళీ చెయ్యాలి." తాతకి ఇంకో ఏడాదిలో పెన్షను. హోటలు వెనక క్వార్టర్లో ముసలి భార్య, ఆవిడకి కళ్లు సరిగా కనబడవు. నేను పక్కనే నిలబడ్డాను. తప్పు నాదని చెప్పాల్సిన మొదటి క్షణం అదే. నాలుక పైకి లేవలేదు. నా జేబులో విదేశీయుల రిజిస్ట్రేషన్ కార్డు ఉంది. పుట్టింది రంగూన్‌లోనే అయినా కాగితాల్లో నేను విదేశీయుణ్ణి. ఆ కార్డున్నవాడికి సర్కారు ఉద్యోగం ఊడితే మళ్లీ దొరికే మాట వట్టిది. సంచౌంగ్‌లో అద్దె ఇంట్లో అమ్మ, ఇద్దరు చెల్లెళ్లు.

తాత మాత్రం తల గోక్కుని, "విందు నది ఒడ్డు పచ్చిక మీద పెట్టనివ్వండి సార్," అన్నాడు.

"ఏం పెడతావు?"

"వీధుల్లో అమ్మేవాళ్లని పిలుచుకొస్తాను. వాళ్ల కుండలతో, వాళ్ల బండ్లతో."

మేజరుగారు గడియారం చూశాడు, నది వైపు చూశాడు. బయటి తిండి గేటు లోపలికి రాకూడదని రూలు. "నేను చూడలేదు," అని లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు. మిలిటరీ భాషలో అది అనుమతి.

మేమిద్దరం సైక్కా ఎక్కాం. సైకిలు పక్కన ఒక పీట, దాని మీద ఇద్దరు వీపుకి వీపు ఆనించి కూచోవాలి. తాత ముందుకి, నేను వెనక్కి. స్ట్రాండు రోడ్డు, సూలే పగోడా, చీనాబజారు అన్నీ నాకు వెళ్లిపోతూనే కనబడ్డాయి. కిటకిటలాడే చెక్క బస్సులు, చిన్న నీలం టాక్సీలు, టీ కొట్లో ముద్దుపెట్టినట్టు చప్పుడు చేసి టీ ఇచ్చే పిల్లలని పిలిచే మనుషులు. పుట్టి పెరిగిన ఊరే. కానీ ఏ సందులో ఎవరు, ఎన్ని గంటలకి ఏ కుండ దించుతారో తాతకి తెలిసినట్టు నాకు తెలియదు. ముక్కు పైకెత్తి, "ఆగు. ఇక్కడ సొరకాయ ముక్కలు ఏపుతోంది," అనేవాడు. సందు తిరిగితే నిజంగానే ఒకావిడ మూకుడు ముందు కూచుని ఉండేది. నేను ముక్కు మీద వేలేసుకున్నాను.

పిలవగానే వస్తారనుకున్నారా? నా తెల్ల కోటు, ఇత్తడి గుండీలు చూడగానే ఒకడు నిప్పుల పొయ్యితో సహా పరుగు తీశాడు. మున్సిపాలిటీ వాళ్లు ఏ రోజు ఎవరి మూకుడు లాక్కుపోతారో తెలియని రోజులవి. సందు మొదట్లో మొహింగా అమ్మే ఆవిడ ఉంది. మొహింగా అంటే చేపల పులుసులో సన్న సేమ్యా, బర్మావాళ్ల ప్రాణం. యాభై ఏళ్ల మనిషి, ముగ్గురు బిడ్డల్ని ఆ ఒక్క కుండ మీద పెంచింది. ఆవిడ నన్ను చూడకుండా తాతతో బర్మాలో అంది:

"ఊజీ, సర్కారు గేటులోకి వెళ్లిన కుండ మళ్లీ బయటికి వస్తుందా?"

"నా ఇల్లు ఆ గేటు లోపలే ఉంది. నీ కుండ రాకపోతే, వచ్చి నా ఇంట్లో కూచో. నేనే బయటికి పోతాను."

ఆవిడ ఇంకేమీ అడగలేదు. కావడి ఎత్తుకుంది. అదిగో, ఆవిడ లేచిందని తెలిశాక మిగతావాళ్లు లేచారు. లఫెట్ కలిపేవాడు, అంటే ఊరబెట్టిన తేయాకుకి వేపుడు పప్పులూ నువ్వులూ పట్టించేవాడు. శనగపిండి జున్ను కోసే షాన్ జాతి పిల్ల. దోసెలు పోసే మన శ్రీకాకుళపాయన. నూడిల్సు చైనా ముసలాడు, చెరకు రసం, తమలపాకులు. మరో ఇద్దరితో కలిపి మొత్తం తొమ్మిది మంది. నేను సిగ్గుపడి కోటు విప్పి చంకలో పెట్టుకుని, షాన్ పిల్ల గంప ఒకటి నెత్తికెత్తుకున్నాను.

"ఇప్పుడు బాగున్నావు," అన్నాడు తాత. "ఇందాకా బేండు మేళం ఓడిలాగ ఉన్నావు."

ఆరింటికి అతిథులు వచ్చారు. ఆరుంపావుకి కరెంటు పోయింది. అది మా ఊళ్లో వింత కాదు కానీ నాకు ఆ క్షణాన నెత్తిన పిడుగు పడినట్టయింది. అమావాస్య చీకటి.  అమ్మేవాళ్లు ఒక్కొక్కరే తమ దీపం వెలిగించుకున్నారు. గాజు గ్లాసులో కొవ్వొత్తి, డబ్బాలో కిరసనాయిలు వత్తి. నది ఒడ్డు పచ్చిక మీద తొమ్మిది దీపాలు, తొమ్మిది కుండల మీద ఆవిరి, వెనక నల్లటి నీళ్లు, అవతల డలా ఒడ్డున గుడ్డి దీపాలు, నడిమధ్య వాళ్ల ఓడ. నేను ఆ పచ్చిక మీద నాలుగేళ్లుగా నడుస్తున్నాను. ఆ రోజు దాని మీద చెప్పులతో నడవబుద్ధి కాలేదు. నిజం చెబుతున్నాను, విడిచి చేత పట్టుకున్నాను.

కెప్టెను మొహింగా ఆవిడ దగ్గరికి వచ్చాడు. యాభై ఏళ్లవాడు, తెల్ల టోపీ. పక్కన మేజరుగారు, రేవు పెద్దలు, దుబాసీ. అందరూ మొదటి గిన్నె కెప్టెనుకే అనుకున్నాం. ఆవిడ గిన్నెలో పోసి, కుడి చేత్తో పట్టుకుని, ఎడమ చేయి మోచేతికి ఆనించి లేచింది. కెప్టెనుని దాటింది. మేజరుగారిని దాటింది. వెనక చీకట్లో ఏప్రన్ కట్టుకుని నిలబడ్డ తాత ముందు ఆగింది.

"ఊజీ, ముందు మీరు."

బర్మావాళ్ల ఇళ్లలో ఏది వండినా తొలి ముద్ద పెద్దలకి తీస్తారు. పెద్దవాళ్లు ఊళ్లో లేకపోయినా సరే, వాళ్ల పేరు చెప్పి తీసి పక్కన పెడతారు. అది ఇంటి సంగతి. సర్కారు విందులో, ఓడ కెప్టెను ఎదురుగా, వంటవాడికా! అందులోనూ కలా అని, అంటే ఇండియావాడని వేలెత్తి చూపించే రోజుల్లోనా! 

"నేను వంటవాణ్ణమ్మా. దొరగారికి పెట్టు," అన్నాడు తాత.

"ఇక్కడ వయసులో పెద్ద ఎవరు?" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. గిన్నె అలాగే పట్టుకుని నిలబడింది.

కెప్టెను దుబాసీ వైపు వంగి ఏమిటని అడిగాడు. దుబాసీ భయం భయంగా చెప్పాడు. కెప్టెను విన్నాడు, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఇక అందరి కళ్లూ మేజరుగారి మీద. ఆయన ముఖం చీకట్లో సరిగ్గా కనబడలేదు. ఆయన్నీ ఎవరో తల్లి ఆ పద్ధతిలోనే పెంచి ఉంటుంది కదా. మేజరుగారు వంగి, మొహింగా ఆవిడ పొట్టి పీట ఒకటి తీసి, తాత వెనక వేశాడు. తన చేత్తో వేశాడు.

తాత కూచున్నాడు. ముప్ఫై రెండు మంది అధికారులు, తొమ్మిది మంది బీదవాళ్లు నిలబడి చూస్తుండగా ఆయన చెంచా ముంచాడు. పులుసు ఏప్రన్ మీద చిందింది. మింగాడు. కళ్లు మూశాడు. తెరిచి ఆవిడతో, "ఉప్పు కాస్త తక్కువ," అన్నాడు.

ముందు నవ్వింది ఆవిడే. తరవాత మేజరుగారు. తరవాత పచ్చిక పచ్చికంతా నవ్వింది. నేను నవ్వలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగి దీపాలు తొమ్మిదీ పద్దెనిమిదయ్యాయి. ఇన్నేళ్లలో పగోడాలు చూశాను, బంగారు రథాలు చూశాను, మంత్రుల ఊరేగింపులు చూశాను. దేని ముందూ నాకు అలా ఒళ్లు జల్లుమనలేదు.

ఆ తరవాత విందు గురించి చెప్పేదేముంది? ఎనిమిదింటికి లేవాల్సినవాళ్లు తొమ్మిదిన్నర దాకా లేవలేదు. పొట్టి పీటల మీద మోకాళ్లు చెవులకి తగిలేలా కూచుని, ఒక దీపం దగ్గర్నుంచి ఇంకో దీపానికి నడుచుకుంటూ తిన్నారు. తమ పట్నంలో కూడా పొద్దు వాలాక జనం రేవు ఒడ్డుకి వచ్చి ఇలాగే తింటారనీ, రంగూన్‌లో మనుషులు సాయంత్రాలు ఏం చేస్తారో మూడు రోజులుగా తెలియక దిగులు పడ్డాననీ కెప్టెను అన్నాడట. తొమ్మిది కుండలూ, ఒక్క గరిటె కూడా తగ్గకుండా గేటు బయటికి వెళ్లాయి. తాత దగ్గరుండి లెక్క చూసి పంపాడు.

మర్నాడు పొద్దున్న మేజరుగారు మమ్మల్నిద్దరినీ పిలిచాడు. బల్ల మీద నా ఇండెంటు ఉంది.

"విందు బాగుంది," అన్నాడు. "కానీ బయటి తిండి లోపలికి ఎందుకొచ్చిందని పైనుంచి అడిగారు. నేను ఒక పేరు రాయాలి. ఈ తేదీ ఎవరు వేశారు?"

అక్షరాలు నావి. గదిలో అక్షరం రాని మనిషి ఒక్కడే ఉన్నాడు. నేను నోరు తెరిచేలోపల, లేదు, అబద్ధం ఎందుకు, నేను నోరు తెరవలేదు. తాతే అన్నాడు.

"నేను చెప్పిన తేదీ సార్. అబ్బాయి రాశాడు."

మేజరుగారు నా కళ్లలోకి చూశాడు. ఆయనకి తెలుసు. ఆయన నాకు తలుపు తెరిచి పట్టుకున్నాడు, చెప్పుకోమని. "నిజమేనా?" అన్నాడు.

"హొక్కె," అన్నాను. అవునని.

ఆ ఒక్క మాటతో ఉద్యోగం నిలబడింది. నెల తిరక్కుండా తాత క్వార్టరు ఖాళీ చేసి, ముసలావిణ్ణి తీసుకుని ఇన్సేన్‌లో కూతురి ఇంటికి వెళ్లిపోయాడు. అల్లుడు రైలు వర్క్‌షాపులో పనివాడు. ఒకటే గది, అందులో ఏడుగురు. పెన్షను పోయింది.

రెండు నెలలు నేను అటు తొంగి చూడలేదు. మొహం చెల్లలేదు. చివరికి ఒక ఆదివారం పాల డబ్బా ఒకటి కొని రైలెక్కాను. తాత గుమ్మంలో కూచుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాడు. నన్ను చూసి, "రా, కూకో. టీ తాగుతావేటి?" అన్నాడు, నిన్ననే విడిపోయినట్టు. నేను కూచోలేదు. బర్మావాళ్లు పెద్దలకి చేసినట్టు మోకాళ్ల మీద వంగి మూడుసార్లు నేలకి నుదురు ఆనించాను.

"ఎందుకు సెప్పినావు తాతా అలగ? తేదీ నాది కదా. నాకు నోరు లేదేటి?"

"లేకేటి? హొక్కె అన్నావు కదా," అని నవ్వాడు.

కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. నేను ఏడుస్తుంటే ఆయన చిక్కుడుకాయలు పక్కన పెట్టాడు.

"లెగు. ఇనుకో. నలపయ్యేళ్లు నిలబడి వొడ్డించినానురా. ఇంగ్లీసోడికి, జపానోడికి, ఈ మిలట్రీ ఓళ్లకి. కూకోమని ఒక్కడనలేదు. ఆ రేత్రి అంతమందీ నిలబడిపోయి నన్ను కూకోబెట్టినారు. నా పండగ నాకైపోయింది. దానెనకాల ఉజ్జోగం ఉంటేటి, ఊడితేటి? నీకింకా ఆ రోజు రాలేదు. వొచ్చేదాకా నువ్వుండాలి కదా. అందుకే సెప్పినాను. ఎల్లు, టీ సల్లారిపోతాది."

ఆయన పోయి చాలా ఏళ్లయింది. నేను అదే హోటల్లో ఇంకో ముప్ఫై ఒక్కేళ్లు చేశాను. గుమాస్తా నుంచి స్టోరు అధికారినయ్యాను. నా పదవీ విరమణ నాడు దండ వేశారు, ఫోటో తీశారు, మంచి మాటలు చెప్పారు, కుర్చీ వేశారు. నేనూ కూచున్నాను, అందరూ కూచున్నారు. తాత చెప్పిన రోజు నాకు రాలేదు. హొక్కె అన్నవాడికి అది రాదు.